మౌనసామి పెండ్లిచూపులు

“ఓ సామీ! లే, లే! నువ్వు కూసున్నది నా రొట్టెల మూట మీద!”

కొండల్ ఉలిక్కిపడి లేచాడు. అంతవరకూ అతను మెత్తగా ఉందని సంబరపడి కూర్చున్నది ఎర్రంచు తువ్వాలలో కట్టిన జొన్నరొట్టెల మీద. ఎదురుగా ఒక పిల్ల నిలబడి ఉంది. చెంగు నడుముకు బిగించి, చంకలో నీళ్ల ముంత పెట్టుకుని, కళ్లతోనే సగం తిట్లు తిట్టేస్తోంది.

“కండ్లు ఏడ వెట్టుకున్నవ్? గింత మూట కానొస్తలేదా?”

కొండల్ నోరు తెరిచాడు. వెంటనే మూసుకున్నాడు.

“అరె, తప్పయింది అనరాదా? అంటే నోట్లెకెల్లి ముత్యాలు రాలుతయా?”

అనాలని అతనికీ ఉంది. ఒకటి కాదు, పది మాటలు నాలుక చివర వరుసకట్టి నిలబడ్డాయి. వాటన్నిటినీ గుటుక్కున మింగి, రెండు చేతులూ జోడించి తల వంచాడు.

దూరంగా చిడతలు సర్దుకుంటున్న అతని స్నేహితుడు కుర్మయ్య కేకేశాడు. “తల్లీ, వాన్ని తిట్టకు! మౌనసామి వాడు. శ్రీశైలం మల్లన్న దర్శనమయ్యే దాంక మాట్లాడనని మొక్కిండు.”

ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా మారిపోయింది. “అయ్యో, గట్లనా! నాకేం తెలుసు?” అంది. మూట విప్పి రొట్టెల వంక చూసి నవ్వేసింది. “పోనీ తియ్. పగిలినా రొట్టె రొట్టెనే. ఇగో, నువ్వూ ఒక ముక్క తిను.”

కందుకూరులో ఆ పొద్దున కొండల్ అమృతమ్మను చూడటం అదే మొదలు. పేరుకు అమృతం. నోరు మాత్రం పచ్చిమిరపకాయ.

అవి రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. దీపంలోకి గ్యాసునూనె దొరకదు, ఒంటికి బట్ట దొరకదు. అయినా మాఘమాసం వచ్చి శివరాత్రి దగ్గర పడిందంటే శంషాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో కాళ్లు నిలవవు. చేను పని ముగించుకుని, అటుకులూ రొట్టెలూ మూటగట్టుకుని, చెప్పుల్లేని కాళ్లతో శ్రీశైలం దారి పడతారు. ఆ ఏడు శంషాబాద్ నుంచి ఐలయ్య తాత పెద్దరికంలో బయలుదేరిన గుంపు తుక్కుగూడ మీదుగా కందుకూరు చేరింది. అక్కడ ఆ వైపు జనం కలిశారు. వాళ్లలో ముత్తమ్మ అనే ముసలామె, ఆమె మనుమరాలు అమృతమ్మ ఉన్నారు.

ఇక కొండల్ సంగతి. శంషాబాద్ నుంచి కూరగాయల బండి తోలుకుని పట్నం పోయే కొండల్ అంటే తెలియనివాళ్లు ఆ బాటలో లేరు. ఎదురొచ్చిన ప్రతివాడితోనూ మాట. ఎవరూ లేకపోతే ఎడ్లతో మాట. ఆరాంఘర్ దగ్గర బండి ఆపితే అక్కడ నలుగురు చేరాల్సిందే, పొట్టలు చెక్కలయ్యేలా నవ్వాల్సిందే. అలాంటివాడి తల్లికి కార్తీకంలో చలిజ్వరం పట్టుకుంది. దవాఖానలో కూడా పెదవి విరిచారు. తల్లి మంచం పట్టె పట్టుకుని కొండల్ మొక్కుకున్నాడు. “మల్లన్నా, మా అమ్మను లేపు. నీ కొండకు నడిచొస్త. గడప దాటినకాంచి నిన్ను సూసే దాంక ఒక్క మాట మాట్లాడ.”

తల్లి లేచి కూర్చుంది. మొక్కు సంగతి విని నెత్తి కొట్టుకుంది. “ఓరి పిచ్చోడా! తలెంటికలు ఇస్తనని మొక్కుకోరాదురా? నీతోని అయ్యే పనేనా ఇది?”

అయ్యే పనో కాదో తేల్చుకోవడానికే అతను నడుస్తున్నాడు.

కడ్తాల్ దాటేసరికి ముత్తమ్మ కాళ్లు ఈడుస్తోంది. కొండల్ వెనక్కి వచ్చి, అడగకుండానే ఆమె మూట తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. ముత్తమ్మ అతని ముఖంలోకి ఒక క్షణం ఎక్కువగానే చూసింది. “సల్లగుండు కొడకా” అని మాత్రం అంది.

అమృతమ్మ పక్కకు వచ్చి నడవసాగింది.

“సామీ, నీతోని మాట్లాడొచ్చా? నువ్వు మాట్లాడొద్దు గని, ఇంటే మొక్కు పోదు గద?”

కొండల్ తల అడ్డంగా ఊపాడు.

అంతే, గండి పడ్డ కాలువలా మొదలైంది అమృతమ్మ. వాళ్ల బర్రె తెల్ల దూడను ఈనిన కథ, ఎండాకాలం బావిలో పడ్డ బొక్కెన కథ, చిన్ననాడు చచ్చిపోయిన తల్లి కథ. తల్లి దగ్గర ఆమె గొంతు తగ్గింది. “మా అమ్మ పోయినంక మా ఇంట్ల నా మాట ఇనేటోళ్లు లేరు సామీ. ముగ్గురు అన్నలు. నేను ఒకటంటే వాళ్లు పదంటరు. ఇగ నా మాట ఆడనే సచ్చిపోతది.”

కొండల్‌కు తన బుద్ధి గుర్తొచ్చింది. ఎవరైనా కథ మొదలుపెడితే మధ్యలో దూరి తన కథ చెప్పేయడం అతనికి అలవాటు. ఇంతకాలం తను వినకుండా వదిలేసిన కథలు ఎన్నో!

వాళ్ల తలల మీదుగా యుద్ధవిమానం ఒకటి గుయ్యిమంటూ పోయింది. అందరూ నెత్తికి చేయి అడ్డం పెట్టుకుని చూశారు. అమృతమ్మ చూడలేదు. చెప్పాల్సిన అసలు మాట ఇంకా మిగిలే ఉంది.

“నీకొక రహస్యం చెప్తా. నువ్వెట్లా ఎవలకు చెప్పవు గద! నేను మల్లన్న తానికి ఎందుకు పోతున్ననో ఎరికేనా? నాకొక సంబంధం చూసిండ్రు. అది తప్పిపోవాల్నని మొక్కనీకె పోతున్న.”

కొండల్ కనుబొమలు ఎత్తాడు.

“శంషాబాద్ల పిలగాడట. కూరగాయల బండి తోల్తడట. పేరు కొండలట.”

కొండల్ కాలికి రాయి తగిలింది. బొటనవేలు చితికినా నోరు మెదపకుండా ఒంటికాలి మీద గెంతాడు.

“జర చూసి నడువు సామీ! ఆ కొండలున్నడు సూడు, పొద్దుగాల నోరు తెరిస్తే పండేదాంక మూయడట! నేనేమో గిట్ల వాగుతుంటి. ఇద్దరం మాట్లాడితే ఇగ ఇంటిల ఇనేటోడెవడు? చెప్పు!”

చెప్పమంటే ఏం చెబుతాడు పాపం?

ఆ సాయంత్రమే అతను ఒక ప్రయత్నం చేశాడు. ఆమన్‌గల్‌లో గుంపు దిగి పొయ్యిలు పెట్టుకుంటుండగా అమృతమ్మ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. వేలితో తన గుండె చూపించుకున్నాడు. అరచెయ్యి నోటి దగ్గర తెరిచి, మూసి, తెరిచి, మూసి ఆడించాడు. ‘ఆ వాగుడుకాయను నేనే’ అని.

అమృతమ్మ జాలిగా చూసింది. “ఆకలైతున్నదా? అయ్యో, ముందుగాలనే సైగ చేయకపోతివి!” అని రెండు రొట్టెలూ పచ్చిపులుసూ తెచ్చి పెట్టింది.

అతను తల అడ్డంగా ఊపి, మళ్లీ నోటి దగ్గర చెయ్యి ఆడించాడు. మూడో రొట్టె వచ్చింది.

కొండల్ ఏడవలేక తినేశాడు. పక్కనే ముత్తమ్మ ఎందుకో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

ఇక రోజూ ఇదే వరస. పొద్దు పొడవక ముందే చన్నీళ్ల స్నానం, ఐలయ్య తాత మొదలుపెట్టే భజన, ఎండెక్కే దాకా నడక. ఏ చింతతోపులోనో వంటలు, బొబ్బలెక్కిన పాదాలకు ఆముదం. మళ్లీ నడక. ఈ నడకంతా ఆమె మాట ఒక పక్క, అతని చెవి ఒక పక్క. కల్వకుర్తి దగ్గర కాలం కాని కాలంలో వాన వచ్చిపడింది. గుంపంతా తలో దిక్కూ పరుగెత్తింది. వీళ్లిద్దరూ ముసలామెను మధ్యన పెట్టుకుని ఒక బండికొట్టం చూరు కింద నిలబడ్డారు. చూరు నీళ్లు సరిగ్గా కొండల్ నెత్తిన పడుతున్నాయి. జరిగితే అమృతమ్మ తడుస్తుంది. అందుకని అతను జరగలేదు.

అమృతమ్మ చూసింది. ఆశ్చర్యం, ఆమె కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“సామీ, నీకు పెండ్లయిందా?” అంది చివరకు, వాన వంకే చూస్తూ.

కొండల్ తల అడ్డంగా ఊపాడు. నీళ్లు ఆమె ముఖం మీద చిట్లాయి. ఆమె తుడుచుకోలేదు.

ముత్తమ్మకు మళ్లీ దగ్గు వచ్చింది.

అచ్చంపేట దాటి ఉమామహేశ్వరం గుట్ట ఎక్కారు. రాతి సందుల్లోంచి నీటి చుక్కలు జారిపడే ఆ చల్లని గుహలో దేవుణ్ణి చూసి వచ్చాక, అమృతమ్మ కొబ్బరికాయ ఒకటి కొండల్ చేతిలో పెట్టింది.

“నీ చెయ్యి మంచిది. నా దిక్కెల్లి నువ్వు కొట్టు సామీ. ఆ శంషాబాద్ సంబంధం పుటుక్కున తెగిపోవాల్నని మొక్కి కొట్టు.”

తన పెళ్లి చెడిపోవాలని తనే కొబ్బరికాయ కొట్టవలసి వచ్చినవాడు లోకంలో కొండల్ ఒక్కడే అయి ఉంటాడు. కొట్టాడు. పగల్లేదు. మళ్లీ కొట్టాడు. కాయ చేయి జారి మెట్ల మీద దొర్లింది.

“బలం లేదా? గన్ని రొట్టెలు తింటివి!” అమృతమ్మ కాయ తెచ్చి తనే ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేసింది. చేసి, ఎందుకో అనుకున్నంత సంతోషపడలేదు. చెక్కల వంక చూస్తూ, “ఆ సంబంధం తప్పితే, మల్ల నీ లెక్క ఇనేటోడు ఏడ దొరుకుతడో ఏమో” అని గొణిగి, చరచరా మెట్లు దిగిపోయింది.

ఆ మాటతో కొండల్ నడిచాడో, తేలాడో అతనికే తెలియదు.

సంతోషం మన్ననూరు దాకానే. అడవిలోకి అడుగుపెట్టే ముందు అక్కడ అన్ని గుంపులూ ఆగుతాయి, దారి చూపే చెంచుపెద్ద కోసం. సాయంత్రం పొయ్యిల చుట్టూ చేరిన కొత్త జనానికి కుర్మయ్య గొప్పగా చెబుతున్నాడు.

“ఈ మౌనసామి ఎవలనుకున్నరు? మా శంషాబాద్ కొండలు! కూరగాయల బండి కొండలు! వాని నోరు మూయించనీకె మల్లన్నే దిగిరావాల్సొచ్చింది!”

అమృతమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

లేచి నేరుగా కొండల్ దగ్గరికి వచ్చింది. “ఆ కొండలువు నువ్వేనా?”

అతను తల ఊపాడు.

“మరి అంతా ఇన్నవ్! మా అమ్మ గురించి, మా అన్నల గురించి, నీ గురించి! సప్పుడు చేయకుంట ఇన్నవ్! నన్ను తమాషా చూసినవ్!”

అతను కాదన్నట్టు చేతులు ఊపాడు.

“చేతులూపకు! నోటితోని చెప్పు. నేను తమాషా చేయలేదు అని ఒక్క మాట చెప్పు, నమ్ముత. ఒక్కటే మాట!”

ఒక్క మాట. ఇంతకాలం ఎడ్లకూ చెట్లకూ ఊరికే పంచిపెట్టిన మాటల్లో ఒక్కటి. ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. కొండల్‌కు తల్లి ముఖం కళ్ల ముందుకు వచ్చింది, జ్వరానికి కమిలిపోయిన ముఖం. పెదవులు బిగబట్టుకుని తల దించాడు.

“సరే. ఇగ నీతోని నేనూ మాట్లాడ” అని ఆమె వెనక్కి తిరిగింది.

మర్నాడు అడవిదారి. ఎండు వెదుళ్లు కిర్రుమంటున్నాయి. కొండల్‌కు అవేవీ వినబడలేదు. పక్కన అమృతమ్మ మాట లేని దారి ఇంత పొడుగని అతనికి అప్పుడే తెలిసింది. ముందు నాయనమ్మా మనుమరాలూ, వెనక కాస్త దూరంలో ముత్తమ్మ మూటతో అతను.

“వాని మీద కోపమెందుకే?” అంది ముత్తమ్మ. “కందుకూర్లనే నేను గుర్తువట్టిన. మొన్న సంబంధం మాట్లాడనీకె శంషాబాద్ పోయింది నేనే గద, వాడు బండి తోలుకపోతుంటే దూరంకెల్లి సూసిన.”

“నాయనమ్మా! మరి నాకు చెప్పవా?”

“చెప్తే నువ్వింటవా? నువ్వు మాట్లాడుతవ్ గని! వాళ్లమ్మ సావుదాంక పోయొచ్చిందే. ఒక్కడే కొడుకు. ఆమె బతకాల్నని వానికి పానం లెక్క ఉన్నదాన్ని దేవునికిచ్చిండు. మాటను. నిన్న నువ్వు గంతగనం అడిగినా నోరిప్పలేదంటే, అమ్మకోసమే గద బిడ్డా.”

అమృతమ్మ వెనక్కి తిరిగి చూసింది. కొండల్ చప్పున చెట్ల వంక చూశాడు. ఆమె ఏదో అనబోయింది. అంతలో ముత్తమ్మ కాలు రాళ్ల మధ్య మడత పడి, అమ్మా అంటూ కూలబడింది.

చీలమండ చూస్తుండగానే ఉబ్బింది. కొండల్ మూట అమృతమ్మకిచ్చి, ముసలామెను వీపున ఎక్కించుకున్నాడు. బరువుతో అడుగు నెమ్మదించింది. ముందు పోతున్న గుంపు భజన వంపుల్లో పడి చిన్నదై, తర్వాత బొత్తిగా వినిపించకుండా పోయింది. లోయలోంచి పొగమంచు లేచి చెట్లను కమ్మేసింది. కొంత దూరం పోయేసరికి దారి రెండుగా చీలింది.

“ఎటు పోయిండ్రో?” అంది అమృతమ్మ. ఎలుగుబంట్లు తిరిగే చోటని చెంచుపెద్ద పొద్దున్నే చెప్పి ఉన్నాడు.

కొండల్ ముత్తమ్మను బండ మీద కూర్చోబెట్టాడు. అతని కేక ఊరవతలి ఎడ్లను కూడా ఇంటికి తిప్పేది. ఒక్క కేక చాలు. ముసలామె కాలు చూశాడు, అమృతమ్మ ముఖం చూశాడు. మొక్కు పోతే పోనీ, మల్లన్న కాళ్లు పట్టుకుని బతిమాలుకుందాం అనుకున్నాడు. చేతులు రెండూ నోటి దగ్గర పెట్టుకుని గుండెనిండా గాలి పీల్చాడు.

మెత్తటి అరచెయ్యి ఒకటి అతని నోరు మూసేసింది.

“వద్దు!” అంది అమృతమ్మ. “ఇంతదూరం కాపాడుకున్నవ్. మీ అమ్మకోసం ఇచ్చిన మాట నాకోసం పోవద్దు. నాకు గొంతు లేదా? గంత పెద్ద నోరిచ్చిండు గద దేవుడు, దేనికిచ్చిండు?”

బండెక్కి నిలబడింది. “ఐలయ్య తాతా...! ఓ కుర్మయ్యన్నా...!”

కొండ తిరిగి పలికిందే తప్ప మనిషి పలకలేదు. మళ్లీ అరిచింది. మళ్లీ మళ్లీ అరిచింది. గొంతు జీరపోయింది, చీలింది. నీళ్లు తాగి మళ్లీ అరిచింది. కొండల్ ఆమె పక్కన నిలబడి ప్రతి కేకకూ తన గొంతే చీలుతున్నట్టు విలవిలలాడాడు. ఆఖరికి ఎడమ దారిలోంచి, చాలా దూరంగా, “ఓ... ఓ...” అని చెంచుపెద్ద కేక తిరిగి వచ్చింది.

అమృతమ్మ బండ దిగి అతని ముందు నిలబడింది. నవ్వుతూ ఏదో చెప్పబోయింది. గాలి తప్ప మాట రాలేదు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ నోరు లేదు. అయినా ఆ పొగమంచులో చెప్పుకోవలసింది చాలా చెప్పేసుకున్నారు. “ఇగ నడువుండ్రి, నా కాలు గుంజుతున్నది” అని ముత్తమ్మే గుర్తు చేయవలసి వచ్చింది.

పాతాళగంగ దగ్గర పుట్టి పడవలో కృష్ణ దాటి, మెట్లన్నీ కొండల్ ముత్తమ్మను మోసుకుంటూనే ఎక్కాడు. శివరాత్రి పొద్దున గుడిలో ఇసుక వేస్తే రాలని జనం. గర్భగుడిలో లింగం మీద చేతులూ నొసలూ ఆనించి కొండల్ కళ్లు మూసుకున్నాడు. ‘మల్లన్నా’ అందామని నోరు తెరిస్తే “అమ్మా” అని వచ్చింది. అదే అతని మొదటి మాట. వెంటనే ఏడ్పు వచ్చింది.

బయట మండపం దగ్గర శంషాబాద్ గుంపు, కందుకూరు గుంపు అతని చుట్టూ మూగాయి.

“మాట్లాడురా కొండలూ!” కుర్మయ్య ఎగురుతున్నాడు. “ఇన్నొద్దులు దాసిందంతా కుమ్మరియ్యి!”

దారి పొడుగునా కొండల్ ఈ క్షణం కోసం ఎన్ని మాటలు కూర్చుకున్నాడో! నవ్వించేవి, కరిగించేవి, కవిత్వంలాంటివి. అందరూ చెవులు రిక్కించారు. అతను జనాన్ని తప్పించుకుని, స్తంభం పక్కన నిలబడ్డ అమృతమ్మ దగ్గరికి వెళ్లాడు.

“చెప్పు” అన్నాడు. “నేను ఇంటున్న.”

అమృతమ్మ ముఖం ఎర్రబడింది. కళ్లు పొంగాయి. పెదవులు కదిపింది. పీలగా, బొంగురుగా నాలుగు అక్షరాలు వచ్చాయి.

“జర ఆగు.”

అని గిరుక్కున తిరిగి, మళ్లీ గుడి వరసలోకి పరుగెత్తింది!

“ఏడికే మల్ల?” ముత్తమ్మ అరిచింది.

అమృతమ్మ వెనక్కి చూసి, ఉన్న కాస్త గొంతునూ కూడగట్టుకుంది. “దారి పొడుగుత ప్రతి గుళ్లె ఈ సంబంధం తప్పించుమని మొక్కిన! అదంతా వాపసు తీసుకోవాలె! పొరపాటున దేవుడు నా మాట ఇంటే?”

గుంపంతా గొల్లుమంది. ఐలయ్య తాత నవ్వి నవ్వి మండపం మెట్టు మీద చతికిలబడ్డాడు. కొండల్ మాత్రం నవ్వలేదు. అతనూ వరసలోకి పరుగెత్తాడు.

“ఆగు, నేనూ వస్త! ఒక్కదానివే చెప్తే సాలదు. అసలే నీకు గొంతు లేదు!”

“నువ్వు... మాట్లాడకు” అంది ఆమె గుసగుసగా, నవ్వాపుకుంటూ. “నా మొక్కు నేనే చెప్పుకుంట.”

ఇద్దరూ బయటికి వచ్చేసరికి ముత్తమ్మ విభూతి పొట్లం విప్పి సిద్ధంగా ఉంది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి నొసట పెట్టింది. “మీ అన్నలతోని నేను మాట్లాడుత బిడ్డా. నా ముంగట వాళ్లు నోరెత్తుతరా? కొడకా, ఊరికి పోంగనే మీ అమ్మకు చెప్పు, ముత్తమ్మ మాట ఇచ్చిందని.”

“అమ్మకు చెప్పనీకె నాకు మాటలు సాలవు నాయనమ్మా” అన్నాడు కొండల్.

ఐలయ్య తాత చేతులెత్తి “హర హర” అన్నాడు. “మహాదేవ!” అని కొండంతా దద్దరిల్లేలా అరిచాడు కొండల్. పక్కన అమృతమ్మ పెదవులు మాత్రం కదిలాయి. అది చూసి, ఆమె వంతు కూడా కలిపి అతనే ఇంకోసారి అరిచాడు.